కొత్త డిజైన్ ఎక్కడ వెతకాలి?

సూదీ దారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, నాలుగేళ్లుగా ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నాను. పని నీట్‌గా ఉంటుందని పేరుంది. డిజైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు ఆగిపోతాయి. వచ్చేవాళ్లంతా ఫోన్‌లో ఫొటో చూపించి ‘ఇదే కావాలి’ అంటారు కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. మొన్న ఒకావిడ ‘మీ ఇష్టం, కొత్తగా ఏదైనా వేయండి’ అన్నారు. రెండు రోజులు ఫోన్‌లో వందల డిజైన్లు చూశాను. చూసేకొద్దీ టెన్షన్ పెరిగిందే తప్ప ఏమీ తోచలేదు. చివరికి ఎప్పుడూ వేసే నెమలే వేసి ఇచ్చాను. సొంత ఐడియాలు ఎలా వస్తాయి? అది పుట్టుకతో రావాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషం వేసిందమ్మా. నెమలి వేసి ఇచ్చాక కూడా మనసు ఒప్పుకోలేదంటే, మీకు ఈ పని మీద ఎంత ప్రేముందో తెలుస్తోంది.

మీరు చూసిన వందల డిజైన్లూ బ్లౌజులే కదా. బ్లౌజులు చూస్తూ కూర్చుంటే వాటిలోంచి ఇంకో బ్లౌజే వస్తుంది. పైగా అవన్నీ ఎవరో ఒకరు తేల్చేసిన పనులు. ఏ పూస ఎక్కడో, ఏ రంగు పక్కన ఏ రంగో అన్నీ అయిపోయాక మన కంటపడతాయి. ఇక మనం ఆలోచించడానికి అందులో మిగిలేదేముంది? మన పని కాని వస్తువును తెచ్చుకుని, దాన్ని మన సూదికి లొంగేలా మార్చుకోవాలి. కొత్తదనం ఆ మార్చుకోవడంలోనే పుడుతుందని నా నమ్మకం.

తేలియా రుమాలు తెలుసు కదా. చీరాలలో, నల్గొండ వైపు పుట్టపాకలో నేసిన గుడ్డ. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి సిద్ధం చేస్తారు. హిందీలో ‘తేల్’ అంటే నూనె, అందుకే ఆ పేరు. ముఖ్యంగా వాడేవి ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. నేయకముందే పోగులకు కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి గీత మనం గీసినట్టు నున్నగా వంపు తిరగదు, మెట్లు మెట్లుగా వస్తుంది. ఇన్ని ఇబ్బందుల మధ్య ఆ నేతగాళ్లు ఏం వేశారో తెలుసా? పాత రుమాళ్లలో పూలూ పక్షులే కాదు, గడియారాలున్నాయి, విమానాలున్నాయి! వాళ్ల కాలంలో కొత్తగా వచ్చి అందరూ నోరు తెరుచుకుని చూసిన వస్తువులవి. విమానాన్ని ఎందరో చూసి ఉంటారు. దాని రెక్కల్ని మూడు రంగుల్లో, మెట్ల గీతల్లో ఇమిడ్చాక అది పూర్తిగా ఆ నేతగాడి సొంతమైంది.

మీకూ అలాంటి వస్తువులు ఇంటి చుట్టూ ఉంటాయి. ఒక్కటి చెబుతాను. గుమ్మడి పాదో బీర పాదో ఎక్కడున్నా దగ్గర కూర్చుని దాని నులితీగల్ని చూడండి. పట్టు దొరకని తీగ కొస వంగి గాలిలో వెతుక్కుంటూ ఉంటుంది. పందిరి పుల్లను పట్టుకున్న తీగ స్ప్రింగులా చుట్టుకుని మొక్కను దగ్గరికి లాక్కుంటుంది. ఆ చుట్లను వేలితో పట్టుకుని ఒక కొస నుంచి లెక్కపెడుతూ వెళ్లండి. కొంతదూరం ఒక వైపుకి చుట్టుకుని ఉంటుంది. మధ్యలో ఒక చిన్న తిన్నని ముక్క వస్తుంది. అక్కడి నుంచి చుట్లు ఎదురు వైపుకి తిరుగుతాయి. రెండు కొసలూ బిగిసిపోయాక మొత్తం ఒకే వైపు మెలిపడటం కుదరదు కదా, అందుకని.

ఇప్పుడు దాన్ని బ్లౌజు చేతి అంచు మీద ఊహించండి. సన్నని జరీతో చైన్ కుట్టు, కొన్ని చుట్లు కుడికి. తిన్నగా వచ్చే ఆ ముక్క దగ్గర ఒక్క ముత్యం. మళ్లీ చుట్లు ఎడమకి. అంచు పొడుగునా అదే. మధ్యమధ్య పట్టు దొరకని తీగ ఒకటి పైకి లేచి భుజం వైపు వెళ్తుంది. ఆకు వేయాలనిపిస్తుంది, వద్దు. ఆకు వేస్తే అందరూ వేసే లతే అవుతుంది.

ఫొటో మాత్రం తీయకండి. నోట్‌బుక్కులో పెన్సిల్‌తో గీయండి, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ఫొటో తీసుకుని వచ్చేస్తే చుట్టు ఎదురు తిరిగే చోటు మన దృష్టికే రాదు. గీయబోతే పెన్సిల్ సరిగ్గా అక్కడే ఆగుతుంది. గీసినదాన్ని చిన్నదిగా, పెద్దదిగా, తిరగేసి, పక్కపక్కన పెట్టి మళ్లీ గీయండి. ఒక పేజీ నిండేసరికి మొదటి బొమ్మకీ చివరి బొమ్మకీ సంబంధం లేనంత మారిపోతుంది. అందులో నచ్చినది ట్రేసింగ్ పేపర్ మీదికి ఎక్కించి, చిల్లులు పొడిచి, ముందు చిన్న గుడ్డముక్క మీద కుట్టి చూసుకోండి. కస్టమర్ పట్టు గుడ్డ మీద ప్రయోగాలు చేయొద్దు.

‘ఏదైనా వేయండి’ అన్న మాటే మిమ్మల్ని బెదరగొట్టిందని నాకనిపిస్తోంది. ఏదైనా అంటే ఎవరికైనా ఏమీ తోచదు. అలాంటప్పుడు మీకు మీరే కట్టు పెట్టుకోవాలి. ఒకే రకం పూస, రెండే రంగుల దారం, చేతి అంచు తప్ప ఇంకెక్కడా పని ఉండదు అని. ధనుర్మాసంలో మన ఆడవాళ్లు చేసేది ఇదే. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు అని పెట్టుకుంటారు. చుక్కను తాకకుండా చుట్టూ తిప్పుకుంటూ వచ్చి గీతను మొదలుపెట్టిన చోటే కలపాలి. ఇంత గట్టి నియమంలో ఎన్ని మెలికల ముగ్గులు పుట్టాయో చూడండి! వాళ్లెవరూ డిజైన్ కోర్సు చదవలేదు. పుట్టుకతో రావాలా అని అడిగారు కదా, మీ వీధిలో ముగ్గులేసేవాళ్లను తలుచుకోండి చాలు.

వీలైతే ఒకసారి లేపాక్షి వెళ్లిరండి. అచ్యుతదేవరాయల కాలపు వీరభద్రస్వామి గుడి. పైకప్పు బొమ్మల్లో దేవుళ్ల ముఖాలు అందరూ చూస్తారు, మీరు ఆ మనుషులు కట్టుకున్న బట్టలు చూడండి. గళ్లు, చారలు, పూలు, ఒకరి బట్టకీ ఇంకొకరి బట్టకీ పోలికుండదు. లతామండపం స్తంభాల మీద చెక్కిన నమూనాలైతే మళ్లీ మళ్లీ చూడాల్సినవి. ఆ నమూనాలు ఎన్నో చీరల మీదికి వచ్చాయి. అయినా ఇంకా ఎవరూ ముట్టుకోనివి ఉన్నాయి. నోట్‌బుక్కు మర్చిపోవద్దు.

ప్రశ్న: గుడి శిల్పం చూసి డిజైన్ తీసుకుంటే అదీ కాపీయే కదా? మా టీచర్ ఒప్పుకోవడం లేదు.
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: హంస, మామిడి పిందె, రుద్రాక్ష, గోపురం అంచు ఏ ఒక్కరి సొత్తూ కాదమ్మా. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చాయి. ఇవాళ బతికున్న ఒక మనిషి కష్టపడి గీసినదాన్ని ఉన్నదున్నట్టు దించేసి మనదని చెప్పుకోవడం మాత్రం తప్పే, అందులో రెండో మాట లేదు. ఇక శిల్పాన్ని కూడా యథాతథంగా దించేస్తే మీ పని అందులో ఎక్కడుంది? బహుశా మీ టీచర్ అంటున్నది అదే. రామప్ప గుడి మీకు దగ్గరే. అక్కడి మదనికల, అంటే నాట్యగత్తెల శిల్పాల, మెడలో హారాలు ఎన్ని వరసలున్నాయో, ఏ వరస ఎక్కడ దాకా జారిందో చూడండి. నల్లరాతిలో నీడ పడి కనబడే ఆ లోతు మీ దారంలో ఎలా తెస్తారు? లోడింగ్ కుట్టుతో ఎత్తు పెంచుతారా, వరసల మధ్య గుడ్డ వదిలేస్తారా? అది తేల్చుకుని టీచర్‌కి చూపించండి, ఆవిడ కాదనరు.

ప్రశ్న: ఫొటోలో ఉన్నదే కావాలని పట్టుబట్టే కస్టమర్లతో ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వాళ్లు అడిగింది కుట్టి ఇవ్వండి, ఇల్లు గడవాలి. కానీ ఆ ఫొటోలో వాళ్లకి నచ్చిందేమిటో ఒక్క మాట అడగండి. చాలామంది రంగు అనో, మెడ దగ్గర పని అనో చెబుతారు. అది ఉంచి, చేతుల మీదికి మీది ఒకటి కాగితం మీద గీసి చూపించండి. అదే రేటుకి చేస్తానని ముందే చెప్పండి.