గోడ బయట వేప చెట్టు: కోయించే ముందు టేపు పట్టి కొలవండి

ప్రశ్న: మాది హనుమకొండ. 1990లో నాన్న ఇల్లు కట్టినప్పుడు గేటు పక్కన వేప మొక్క నాటి బిందెలతో నీళ్ళు మోసి పెంచారు. ఆ తర్వాత కాంపౌండ్ వాల్ కట్టేటప్పుడు చెట్టుని బయటికే వదిలేశారు. ఇప్పుడు నాన్న లేరు, పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నాం, మున్సిపల్ పర్మిషన్ కూడా వచ్చింది. కారు లోపలికి తిప్పాలంటే చెట్టు అడ్డం. ఎదురింటాయన కొట్టనివ్వనని గొడవపడి అందరి ముందు అమ్మని నానా మాటలన్నాడు. మేం పెంచిన చెట్టు మీద మాకు హక్కు లేదా? ముప్పై ఏళ్ళు దాటింది కాబట్టి ఆ జాగా కూడా మాదే అవుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. శనివారం రాత్రి కోయించేసి కలప తనే తీసుకుపోతానని, ఫైన్ పడితే కట్టేస్తే సరిపోతుందని కాంట్రాక్టర్ చెప్తున్నాడు. కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో కూడా పెట్టేశాను, ఈ వారం చెట్టు లేపేస్తున్నాం ఎవరేం చేసుకుంటారో చేసుకోండి అని.

జవాబు: ఎదురింటాయన మీ అమ్మగారిని ఏమన్నాడన్నది వేరే విషయం, దాన్ని ఇందులో కలపకండి. మీ ఉత్తరంలో కేసు తేల్చే మాట ఒక్కటే ఉంది, దాన్ని మీరు దారిన పోతూ అన్నట్టు అనేశారు. చెట్టు గోడ బయట ఉంది. ఆ చెట్టు మొదలు మీ ప్లాటు హద్దు లోపల ఉందా, రోడ్డు మార్జిన్‌లో ఉందా? ఇంత పొడుగు ఉత్తరంలో ఒక్క కొలత లేదు, ఇంటి ప్లాన్‌కి అంత ఖర్చు పెట్టినవాళ్ళు టేపు పట్టి నాలుగు అడుగులు కొలవలేకపోయారా? మీ సేల్ డీడ్‌లో నాలుగు హద్దులూ కొలతలూ ఉంటాయి, లేఅవుట్ కాపీలో రోడ్డు వెడల్పు ఉంటుంది. రెండూ పెట్టుకుని లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో కొలిపించి, చెట్టు మొదలు ఎక్కడుందో గుర్తు పెట్టించి స్కెచ్ గీయించి సంతకం తీసుకోండి. లేఅవుట్ కాపీ దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మొదలు రోడ్డు మార్జిన్‌లో ఉంటే అది మీ చెట్టు కాదు. నాన్నగారు నాటారు, నీళ్ళు పోశారు, ఆ మమకారం నాకు అర్థమవుతుంది, కానీ పోసిన నీళ్ళతో యాజమాన్యం రాదు. ముప్పై ఏళ్ళ సంగతి మీ ఫ్రెండ్ సగమే విన్నాడు. దావాలకి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 111వ ఆర్టికల్‌లో, పబ్లిక్ రోడ్డుని తిరిగి స్వాధీనం చేసుకునే దావా వేయటానికి మున్సిపాలిటీ లాంటి లోకల్ అథారిటీకి ముప్పై ఏళ్ళ గడువు ఉన్నమాట నిజమే, అయితే ఆ గడువు మొదలయ్యేది మున్సిపాలిటీ ఆ జాగాలోంచి తొలగిపోయిన రోజు నుంచి. మీరు కంచె వేశారా, ఎవర్నీ రానివ్వకుండా ఆపారా? ఆ నీడలో ఊరంతా బళ్ళు పెట్టుకుంటుంటే స్వాధీనం మీదని ఏ కోర్టుకి చెప్తారు? పైగా ఆ జాగా మేం పట్టుకుని ఉన్నాం అని కాగితం మీద రాసిచ్చారంటే రోడ్డు ఆక్రమించామని మీరే ఒప్పుకున్నట్టు, ఆ వాదన నోటితో కూడా అనకండి.

ఇక శనివారం రాత్రి సంగతి. ఆ పని చేశారో ఇక మీరు నిందితులు, ఫిర్యాదు చేసే స్థానం ఎదురింటాయనది. పక్కవాడి జాగాలో చెట్టుని తీసుకుపోయే దురుద్దేశంతో కొట్టి పడేస్తే అది దొంగతనం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో దొంగతనానికి ఇచ్చిన మొదటి ఉదాహరణే చెట్టు కొట్టటం గురించి. మీ కాంట్రాక్టర్ కలప తీసుకుపోతానంటున్నాడే, సరిగ్గా అదే. కొట్టకుండా చెట్టు మొదట్లో యాసిడ్ పోసి ఎండబెడదాం అని కూడా కొందరు సలహా ఇస్తారు, లోకల్ అథారిటీ ఆస్తికి నష్టం చేస్తే అదే సంహిత 324వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. నాలుగు రోజులు ఎవరూ రాకపోతే గండం గడిచినట్టే అనుకోకండి, కేసు తీసుకోవటానికి కోర్టుకి దొంగతనానికైతే మూడేళ్ళు, ఆస్తి నష్టానికైతే ఏడాది గడువు ఉంటుంది. ఆ వాట్సాప్ మెసేజ్ ఒకటి, అంత అజాగ్రత్త ఏంటండీ? ఉద్దేశం ఏంటో మీ చేత్తో మీరే రాసిచ్చారు. ఇప్పుడు డిలీట్ చేసినా లాభం లేదు, స్క్రీన్‌షాట్లు ఈపాటికి తీసేసుంటారు. పర్మిషన్ లేకుండా కొట్టం అని అదే గ్రూప్‌లో ఇంకో మెసేజ్ పెట్టండి, పనికొచ్చేది అదే.

కొలిచాక మొదలు మీ హద్దులోనే తేలిందనుకోండి, అప్పుడూ నేరుగా కొట్టకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, సొంత జాగాలో చెట్టుకైనా ముందస్తు అనుమతి కావాలి. బిల్డింగ్ పర్మిషన్ వచ్చింది కదా అంటే అది ఇంటికి, చెట్టుకి కాదు. సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్ లాంటి కొన్ని జాతులకి మినహాయింపు ఉంది కాబట్టి మీ చెట్టు ఏ లెక్కలోకొస్తుందో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట తీసుకోకండి. సేల్ డీడ్, సర్వే స్కెచ్, ఫోటోలు పెట్టి అప్లికేషన్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. బదులు మొక్కలు నాటమంటే నాటండి. అదే తాటి, ఈత చెట్లయితే ఎక్సైజ్ వాళ్ళ అనుమతి వేరే కావాలి, గంధం, ఎర్రచందనం జోలికి సొంత పొలంలో కూడా ఫారెస్ట్ వాళ్ళని అడగకుండా పోవద్దు. ఫైన్ కట్టేస్తే సరిపోతుంది అనేవాళ్ళకి ఒక మాట. 2025 మార్చిలో మథుర-బృందావనం దగ్గర, ఎక్కువ భాగం ప్రైవేట్ జాగాలోనే, కొట్టేసిన 454 చెట్లకి సుప్రీంకోర్టు చెట్టుకి లక్ష చొప్పున కట్టమంది. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి విషయంలో, చెట్లు కొట్టే ముందు అనుమతులు తీసుకున్నారా అని మన తెలంగాణ సర్కారునే నిలదీసింది. అందులో మీరూ నేనూ ఎంత?

మొదలు రోడ్డులోనే అని తేలితే దారి ఇది. అడ్డమొచ్చే కొమ్మల వరకు నరకమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి, వాళ్ళ మనుషులే నరకాలి. చెట్టు నిజంగా పుచ్చిపోయి మీద పడేలా ఉంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయొచ్చు, ప్రమాదకరమైన చెట్టు తీయించే అధికారం అందులో స్పష్టంగా ఉంది. దానికి పుచ్చు కనపడే ఫోటోలు కావాలి, తీసిన ఫోన్ మార్చకండి, కోర్టులో ఆ ఫోటోలకి సర్టిఫికెట్ ఇవ్వాల్సొస్తుంది. కారు తిరగట్లేదు అన్నది మాత్రం ప్రమాదం కిందికి రాదు. నిజం చెప్పాలంటే మీకు చవకైన పని గేటు జరపటం, ఇల్లింకా కడుతూనే ఉన్నారు కదా, ప్లాన్‌లో ఆ మార్పుకి టౌన్ ప్లానింగ్‌లో అడగండి.

స్కెచ్ చేతికొచ్చాక మళ్ళీ రాయండి, అర్జీ ఎవరి పేరున, ఏ మాటలతో పెట్టాలో చెప్తాను. అప్పటిదాకా ఆ కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి, ఇచ్చుంటే చెట్టు పని వద్దని మెసేజ్ పెట్టి ఆ మెసేజ్ దాచుకోండి.