యువ రచయిత్రికి: ఆ పదిహేడేళ్లు ఏమైపోయాయి?

అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికా రైల్వే కంపెనీ పెద్ద అలెగ్జాండర్ కసాట్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా చిన్నదాని ఈడుదానివి. చదవడానికి హాయిగానే ఉంది. నాలుగో పేజీకొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది.

"1882లో రాజీనామా చేసి, కొంత విరామం తర్వాత 1899లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధ్యక్షుడయ్యాడు" అన్నావు. కొంత విరామమా? పదిహేడేళ్లమ్మా! నలభై దాటిన మనిషి వెళ్లిపోయి, అరవైకి దగ్గరపడ్డాక తిరిగొచ్చాడు. అదంతా ఒక్క కామాతో దాటేశావు.

నేను ఏళ్ల తరబడి మొత్తుకునేది ఇదే. పెద్ద ఉద్యోగి జీవితం రాసేటప్పుడు ముందు అతని చేతిలో పదవి లేని రోజులు వెతకాలి. పదవిలో ఉన్నప్పుడు సగం పని కుర్చీయే చేసిపెడుతుంది.

1861లో ఆ రైలు కంపెనీలో సర్వే కర్ర మోసే పనిలో చేరినవాడు, 1880లో అధ్యక్ష పదవి జార్జ్ రాబర్ట్స్‌కి పోతే రెండేళ్లు ఓపికపట్టి బయటికి నడిచాడు. తర్వాత ఏం చేశాడు? చెస్టర్‌బ్రూక్ అనే తన పొలంలో గుర్రాలు పెంచాడు. ఆయన గుర్రం ది బార్డ్ 1886లో ప్రీక్‌నెస్ పందెం గెలిచింది. ఫిలడెల్ఫియా పక్కనున్న లోయర్ మెరియన్‌లో ఊరి రోడ్ల బాగోగులు చూసే పని నెత్తికెత్తుకున్నాడు. అంత కంపెనీ నడిపినవాడు గుంతలు పూడ్పించే పనికి పూనుకున్నాడంటే, నీకు అక్కడ ఆగాలనిపించలేదా? ఇంకోటి. కేప్ చార్లెస్ దాకా లైను వేసి, అక్కణ్నుంచి రైలు పెట్టెల్ని నీటి మీద నార్‌ఫోక్‌కి దాటించే చిన్న కంపెనీకి ఆయన అధ్యక్షుడు. తర్వాత న్యూయార్క్ చేరడానికి హడ్సన్ నదిని రైలు ఎలా దాటాలన్న ఆలోచనకి బీజం అక్కడే పడిందని నా అనుమానం.

చెల్లెలు మేరీ కసాట్ ఆయన్నీ ఆయన కొడుకునీ కలిపి వేసిన బొమ్మ గురించి రాసిన పేరా మాత్రం ముట్టుకోకు. తండ్రి కుర్చీ చేతి మీద కొడుకు కూర్చోవడం, ఇద్దరి నల్లకోట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం బాగా పట్టుకున్నావు. అది 1884 నాటిది. అంటే నువ్వు ఎగరగొట్టిన కాలానిదే!

ఈ జబ్బు నీది కాదులే, పత్రికలు అంటించింది. నేను ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టారి గురించి రాసి ఓ ఆదివారం అనుబంధానికిచ్చాను. సస్పెండై ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన మధ్యాహ్నం ప్యాసింజర్ కూత వినపడందే కంచం ముందు కూర్చునేవాడు కాదు. సంపాదకుడుగారు సరిగ్గా అదే కొట్టేసి, చివర "విజయానికి అయిదు మెట్లు" అని బాక్సు కట్టమన్నారు. కట్టనన్నాను. అచ్చు కాలేదు. అప్పుడు రాత్రిళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్నాను, ఆ డబ్బొస్తే ఇంటద్దెకి సరిపోయేది. ఇప్పుడా బాక్సులే లావుపాటి పుస్తకాలై అమ్ముడుపోతున్నాయి. పోనీ.

న్యూయార్క్‌కి రైలు వెళ్లేలా హడ్సన్ కింద ఆయన తవ్వించిన సొరంగాల దగ్గర "అద్భుత" కొట్టెయ్, బురద రాయి. సొరంగాలు రాకముందు నదికి ఇవతల జెర్సీ సిటీలో రైలు దిగి పడవెక్కే ప్రయాణికుడి చేతిలో పెట్టె రాయి. హడ్సన్ అడుగున మెత్తటి ఒండ్రు. నీళ్లు చొరబడకుండా లోపల గాలి ఒత్తిడి పెంచి తవ్వారు. ఆ ఒత్తిడిలోంచి తొందరగా బయటికొచ్చిన కూలీకి కీళ్లు పట్టేసేవి, ఒక్కోసారి ప్రాణమే పోయేది. పొగ ఇంజను అందులో నడవదు, కరెంటు బండి కావాలి. అది ఆయన 1901లో పారిస్ ఓర్సే స్టేషన్‌లో చూసొచ్చాడు.

రిబేట్లు, అంటే పెద్ద కంపెనీలకి చాటుగా ఇచ్చే రవాణా ఛార్జీల తగ్గింపులు, ఆపించిన ధీరుడన్నావు. రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌కిచ్చిన రిబేట్ల గురించి 1879లో సాక్ష్యం చెప్పినవాడూ ఆయనే. తన ఉద్యోగులు బొగ్గు కంపెనీల వాటాలు పుచ్చుకున్నారని 1906 విచారణలో బయటపడితే ఐరోపా నుంచి హడావిడిగా తిరిగొచ్చాడు. ఆ డిసెంబరులోనే పోయాడు. ఇవేవీ నీ వ్యాసంలో లేవు. ఆ సొరంగాల కోసం న్యూయార్క్‌లో కట్టించి 1910లో తెరిచిన స్టేషన్ని ఆయన చూడలేదని మాత్రం మూడు పేరాలు ఏడ్చావు. ఒక్క వాక్యం చాలు.

కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అవి తర్వాత. ముందు 1882 నుంచి మళ్లీ రాసి, ఈసారి కాగితం మీద, పక్కన దిద్దడానికి జాగా వదిలి పంపు. ఫోనులో చదవడం నా కళ్లవల్ల కావడం లేదు.