మిషన్ ట్రిప్‌లో చూసిన దేవుని కార్యాలు మరుగున పడకుండా ఉండాలంటే

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది విజయవాడ, గుణదల. నిరుడు నర్సుగా ఇంగ్లండ్ వచ్చాను. ఈమధ్యే ఇక్కడి చర్చి వాళ్లతో ఆఫ్రికాలోని మలావీలో రెండు వారాల మెడికల్ క్యాంపుకి వెళ్లొచ్చాను. దేవుడు చేసిన కార్యాలు కళ్లారా చూశాను. డ్యూటీల్లో పడ్డాక అవన్నీ మసకబారుతున్నాయి. ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వందనాలు చెల్లీ. ముందు నియమాల సంగతి చెప్పేస్తాను. ఐఎల్‌ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, లెక్కకు ఏ 12 నెలల్లోనూ 180 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. రెండు వారాల క్యాంపుతో నీకేమీ కాదు. మలేరియా మాత్రల కోర్సు మధ్యలో ఆపకు. ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా మలావీ వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పు. మిగతావి ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకో.

నాకు దిగులేసింది ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదన్న నీ మాటకి. కొత్తగా వచ్చిన పిల్లలు జీతం, అద్దె, డ్రైవింగ్ లైసెన్సు గురించి నన్ను అడుగుతూనే ఉంటారు. ఒంటరితనం గురించి ఒక్కరూ అడగరు. మనిషిని లోపల్నుంచి తినేసేది అదే. దేవుడు చేసిన మేలును కూడా మిగల్చదు.

నేనూ మలావీ వెళ్లాను, బహుశా నువ్వింకా స్కూల్లో ఉన్న రోజుల్లో. పల్లెల మధ్య ఒక చిన్న మిషన్ ఆసుపత్రి. ఓ సాయంత్రం ఒక తల్లి నాలుగేళ్ల పాపను వీపున కట్టుకుని వచ్చింది. మలేరియా మెదడుకెక్కింది, ఫిట్స్ ఆగడం లేదు. కంటి కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. మలేరియాకి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చాం, గ్లూకోజ్ పెట్టాం. రక్తం కావాలి. ఫ్రిజ్‌లో ఒక్క బ్యాగు లేదు, తల్లి గ్రూపు కలవలేదు. మా టీమ్‌లో ఒకాయన ఆ ఉదయమే వేరే ఊరి క్యాంపుకి వెళ్లాల్సింది. జీపు స్టార్ట్ కాక ఆగిపోయాడు, పొద్దుటి నుంచీ విసుక్కుంటూనే ఉన్నాడు. ఆయన గ్రూపు కలిసింది. పరీక్షలన్నీ చేసి రక్తం ఎక్కించడం మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. టార్చి వెలుతుర్లో చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పరలోక ప్రార్థనే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. రెండో రోజు పొద్దున పాప కళ్లు తెరిచి జావ అడిగింది. తల్లి మొక్కజొన్న జావ వేలితో తీసి, ఊది, నోట్లో పెట్టింది. జీపు ఆపింది దేవుడేనని నేను ఆ రోజు నమ్మాను, ఇవాళా నమ్ముతున్నాను.

ఇంత చూసొచ్చి కూడా ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్ రూములో మొదలుపెడితే బాగుందని చిన్నగా నవ్వి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలంటే నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. గుంటూరులో అమ్మకి చెబితే కంగారుపడి ఇంకెక్కడికీ వెళ్లొద్దంటుందని దాచాను. నైట్ డ్యూటీ, అద్దె గది, వేడిచేసిన అన్నం, నిద్ర. చలికాలం వచ్చేసరికి ఆ పాప పేరు మర్చిపోయాను. మళ్లీ గుర్తు రాలేదు. ఈ దేశంలో ఎవరి సాయం లేకుండా ఇల్లు కొన్నాను, వార్డు మేనేజర్నయ్యాను, పిల్లల్ని చదివించాను. ఆ పేరు మాత్రం తిరిగి తెచ్చుకోలేకపోయాను.

సెలవుకి బ్రాడీపేటలో మా ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ కృతజ్ఞతా కూడిక పెట్టించింది. తెలుగులో నోరు విప్పాను. పెద్దవాళ్లు ఊరుకోలేదు, ప్రశ్నలు మొదలుపెట్టారు. తల్లి ఎంత దూరం నడిచొచ్చింది? రక్తమిచ్చినాయన పెళ్లయినవాడేనా? కరెంటు పోతే ఏం చేశారు? వాళ్లు అడిగాకే సగం సంగతులు నాకు గుర్తొచ్చాయి. అడిగేవాళ్లుంటేనే జ్ఞాపకం నిలుస్తుందని అప్పుడు తెలిసింది.

మీ తరం పిల్లలు ఫోనులో ఫోటోలుంటే అన్నీ గుర్తున్నట్టే అనుకుంటారు. ఫోటోలో మంచాలు కనిపిస్తాయి తల్లీ, దేవుడు చేసింది కనపడదు. ఈ వారమే ఒక నోటుబుక్కులో తెలుగులో రాసిపెట్టు. ఏ మందు ఇచ్చారో, ఎవరు రక్తమిచ్చారో, ఎవరు ప్రార్థించారో అన్నీ రాయి. మందు సంగతి వదిలేసి అద్భుతం ఒక్కటే చెప్పకు, ఆ మందు అక్కడిదాకా చేరడంలోనూ దేవుని చెయ్యి ఉంది. జబ్బుపడ్డ పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టకు.

ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మొక్కు తీర్చుకునేవాళ్లను చూస్తూ పెరిగావు. ఎప్పుడో పొందిన మేలుకు ఏటా వచ్చేవాళ్లున్నారు కదా. మా గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా, రోగుల బంధువులు ఉండటానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. ఆవిడ 1883లో అమెరికా నుంచి మన ఊరికి వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మా అమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. అలాంటి మిషన్ వాళ్ల చేతుల మీదుగా మేలు పొందిన నేల మనది. నువ్వు మలావీ వెళ్లావని చదివితే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మీ ఊళ్లో తెలుగు కూడిక లేకపోతే పక్క ఊళ్లో వెతుకు. బస్సులో గంటన్నర అయినా వెళ్లు. డ్యూటీ అలసట అని గదిలో పడుకోకు, నేను అలాగే పడుకున్నాను. కూడిక దొరికేలోపు అమ్మకి వీడియో కాల్ చెయ్యి. ఎండాకాలంలో నీకు మధ్యాహ్నం రెండైతే విజయవాడలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పక్కింటి ఆంటీలనూ కూర్చోబెట్టుకోమను. మొదట భయపడతారు, తర్వాత అడుగుతారు. అడిగినవన్నీ చెప్పు, పాపల పేర్లు కూడా చెప్పు.