మీ వ్యాసంలోని రాజుగారి గురించి

ప్రియమైన రచయితకు,

నమస్కారం. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న మీ తాతగారు గుమ్మం ముందు పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలిచిపోయి, మీరు సుద్దముక్కతో నేల మీద గీతలు గీయగానే ఒక్కో గీతనూ దాటుకుంటూ నడిచిన ఘట్టం దగ్గర కాసేపు కాగితాలు పక్కన పెట్టాను. ఆ వెంటనే వచ్చిన వాక్యం నాకు ఒళ్లు మండించింది: "మెదడు లోతుల్లో కొలువైన బేసల్ గాంగ్లియా అనే మహారాజు ఏ పని చేయాలో శరీరానికి ఆజ్ఞాపిస్తాడు."

ఆ రాజుగారిని దయచేసి సింహాసనం దింపండి. బేసల్ గాంగ్లియా అంటే మెదడు లోతుల్లోని నాడీకణాల గుంపులు; అక్కడి నుంచి బయటికి సంకేతాలు పంపే నాడీకణాలు ఆజ్ఞలు జారీ చేయవు. మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా సెకనుకు పదులసార్లు స్పందిస్తూ, గాబా అనే రసాయనంతో, మెదడు పైపొరకు సంకేతాలు చేరవేసే థాలమస్‌నూ మెదడు కాండంలోని కదలికల కేంద్రాలనూ అణచి ఉంచుతాయి. ఒక పనికి అదను కుదిరినప్పుడు, బేసల్ గాంగ్లియాలోకి వచ్చే సంకేతాలను అందుకునే భాగమైన స్ట్రయేటమ్ వాటిలో కొన్నింటి నోరు మూయిస్తుంది; ఆ ఒక్క దారిలో పట్టు సడలుతుంది, తక్కినచోట్ల బిగువు అలాగే ఉంటుంది. 1983లో హికోసాకా, వుర్ట్జ్ అనే పరిశోధకులు కోతులలో చూపించింది ఇదే: చూపు ఒకచోటికి దూకబోయే ముందు, బేసల్ గాంగ్లియాలోనే భాగమైన సబ్‌స్టాన్షియా నైగ్రాలోని కణాలు క్షణకాలం మౌనం వహించాయి. కాబట్టి మీకు కావలసిన క్రియ "ఆజ్ఞాపించు" కాదు, "వదులు". శాస్త్రవ్యాసంలో నామవాచకం అర్థం కాకపోతే పాఠకుడు ఎవరినైనా అడుగుతాడు. క్రియ తప్పితే తప్పు జరిగిందనే అతడికి తెలియదు. ఈ మాట చెప్పి చెప్పి నా మిత్రులను విసిగించాను, ఇప్పుడు మీ వంతు.

నేనూ దెబ్బ తినే నేర్చుకున్నాను. స్ట్రయేటమ్ నుంచి సాగే ప్రత్యక్ష మార్గాన్ని పచ్చదీపమనీ, పరోక్ష మార్గాన్ని ఎర్రదీపమనీ ఒకప్పుడు ఎంతో మురిసిపోతూ రాశాను. 2013లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో, కదలిక మొదలయ్యే వేళ రెండు మార్గాల కణాలూ కలిసే చురుకైనట్టు తేలింది. కావలసిన కదలికను ఒకటి విడిచిపెడుతుంటే, పోటీకి వచ్చేవాటిని రెండోది అదుపు చేస్తుందన్నది ఒక వివరణ. నా దీపాలు మాత్రం ఆరిపోయాయి.

డోపమైన్‌ను "ఆనంద రసాయనం" అన్నందుకు మిమ్మల్ని తప్పుపట్టను, ఆ పాపం సంపాదకులది. "ఆశించినదానికీ దక్కినదానికీ ఉన్న తేడా" అని నేను రాస్తే, ఒక సంపాదకుడు దాన్ని కొట్టేసి "ఆనందం" అని అచ్చువేసి, పక్కన నవ్వుముఖం బొమ్మ కూడా పెట్టించాడు! నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ ప్రయోగాలలో కోతికి అనుకోకుండా పళ్లరసం దొరికితే డోపమైన్ కణాలు చెలరేగాయి. రసానికి ముందు వచ్చే గుర్తు అలవాటయ్యాక ఆ గుర్తుకే చెలరేగాయి. తీరా రసం రాకపోతే, రావలసిన క్షణంలో మందగించాయి. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కూ స్ట్రయేటమ్‌కూ మధ్య ఉన్న అనుసంధానాలను ఈ తేడాయే సవరిస్తూ పోతుంది, పని నునుపెక్కేది అలాగే. జీబ్రా ఫించ్ పిట్టకు, అది పాడుతుండగా, దాని పాటే చెడినట్టు వినిపింపజేస్తే డోపమైన్ కణాలు తగ్గాయి. చెడుతుందనుకున్న చోట చెడకపోతే పెరిగాయి. అక్కడ పళ్లరసమూ లేదు, ఏ బహుమతీ లేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగారు, ఆ సంగతి తరువాత. ముందు తాతగారి దగ్గరికి తిరిగి వెళ్లండి. పార్కిన్సన్స్ వల్ల డోపమైన్ కొరవడిన స్ట్రయేటమ్ ఆ అణచివేతను తగినంత సడలించలేకపోతోంది. నడవాలన్న కోరిక ఆయనలో ఉంది, వదలవలసిన పట్టు వదలడం లేదు. కంటికి కనిపించే గీతను బట్టి అడుగు వేసేటప్పుడు మెదడు వేరే దారులను ఎక్కువగా ఆశ్రయిస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మీ వ్యాసమంతా గుమ్మం దగ్గర ఆగిపోయిన అడుగుకూ, గీత దాటిన అడుగుకూ మధ్యే ఉంది, రాజుగారి కోసం దాన్ని వదిలేసి వెళ్లిపోయారు. గీతలు అయిపోయిన చోట ఆయన ఆగిపోయారా, నడిచారా? మీరు రాయలేదు. తిరగరాసేటప్పుడు ఆ వాక్యం ముందు రాసి, అదొక్కటే అయినా సరే, నాకు పంపండి.