టెక్ సందేహాలు: ఇంటరప్ట్‌లో టైమ్ చదివితే సిస్టమ్ హ్యాంగ్ అవుతుందా?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం లైనక్స్ డ్రైవర్ రాస్తున్నాను. ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనను చూడమని పరికరం పంపే సంకేతం) వచ్చిన టైమ్‌ను కెటైమ్_గెట్ అనే టైమ్ చెప్పే ఫంక్షన్‌తో తీసుకుని ఒక వేరియబుల్‌లో దాస్తున్నాను. ఇంటరప్ట్ రాగానే నడిచే హ్యాండ్లర్‌లోనూ, ఆ టైమ్‌ను చదివే రీడ్ ఫంక్షన్‌లోనూ ఒకే స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) వాడాను. ఒక్కోసారి సిస్టమ్ బిగుసుకుపోతోంది. హ్యాండ్లర్‌లో టైమ్ అడగడమే తప్పా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. కెటైమ్_గెట్‌ను మామూలు ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిశ్చింతగా పిలవచ్చు. చిక్కంతా మీ లాక్‌తోనే. రీడ్ ఫంక్షన్ లాక్ పట్టుకుని ఉండగా ప్రాసెసర్‌లోని అదే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చిందనుకోండి. హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది. ఆ లాక్ వదలాల్సిన రీడ్ ఫంక్షనేమో హ్యాండ్లర్ ముగిస్తే గానీ కదలదు. ఇంటరప్ట్ వేరే కోర్ మీద వస్తే కాస్త ఆగి పని అయిపోతుంది. ‘ఒక్కోసారి’ అని మీరన్నది అందుకే. రీడ్ ఫంక్షన్‌లో స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ వాడండి. అది ముందు ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపి, తర్వాతే లాక్ తీసుకుంటుంది.

లైనక్స్ మూల ప్రోగ్రామైన కెర్నెల్ టైమ్ కోడ్‌లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. టైమ్ మార్చే కోడ్ ముందు ఇంటరప్ట్‌లు ఆపి, లాక్ తీసుకుని, ఒక వరుస సంఖ్యను బేసి చేస్తుంది. పని కాగానే సరి చేస్తుంది. చదివేవాళ్లకు లాక్ ఉండదు. సంఖ్య బేసిగా ఉన్నా, చదివేలోపు మారినా మళ్లీ చదువుతారు. ఇంటరప్ట్‌లు ఆపకపోతే? సంఖ్య బేసిగా ఉండగా అదే కోర్ మీద వచ్చిన హ్యాండ్లర్ అది సరి అయ్యేదాకా చూస్తూనే ఉంటుంది, అది ఎప్పటికీ కాదు. ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్‌లైన ఎన్ఎంఐల కోసం కెటైమ్_గెట్_మోనో_ఫాస్ట్_ఎన్ఎస్ ఉంది. అది రెండు కాపీలు ఉంచుకుని, ఒకటి మారుతుంటే రెండోది చదువుతుంది. అరుదుగా టైమ్ కొంచెం వెనక్కి వెళ్లినట్టు కనిపించవచ్చు కాబట్టి ట్రేసింగ్ లాంటి వాటికే వాడాలి.

ఇందులో పొరపాటు ఎంత చిన్నదైనా ఖరీదైనదే. 2008 డిసెంబర్ 31న, మనకు జనవరి 1 తెల్లవారుజామున ఐదున్నరకి, లీప్ సెకండ్ (గడియారాలను భూభ్రమణంతో సరిపెట్టే అదనపు సెకండ్) కలిపారు. అప్పుడు కొన్ని లైనక్స్ సర్వర్లు ఆగిపోయాయి. ఆ సెకండ్ కలిపే కోడ్ టైమ్ లాక్ వదలకుండానే, ప్రింట్‌కే అనే కెర్నెల్ లాగ్ ఫంక్షన్‌తో ఒక లైన్ లాగ్ రాసింది. దాంతో లాగింగ్ ప్రాసెస్‌ను లేపాల్సి వచ్చింది. లేపబోయిన షెడ్యూలర్ (ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో చూసే కోడ్) టైమ్ అడిగింది. ఆ టైమ్ అదే లాక్ వెనక ఉంది! ఏళ్లుగా ఉన్న ఒక్క లాగ్ లైన్ అది. మీరూ లాక్ లోపల ఏ ఫంక్షన్ పిలుస్తున్నా, అది ఇంకేం పిలుస్తుందో తెరిచి చూడండి.

కెర్నెల్ కాన్ఫిగ్‌లో ప్రూవ్ లాకింగ్ (లాక్ తప్పులు పట్టే తనిఖీ) ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి. హ్యాంగ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. హ్యాండ్లర్, రీడ్ ఫంక్షన్ చెరొకసారి నడిస్తే చాలు, ఏ లాక్‌ను ఏ ఫంక్షన్‌లో తప్పుగా తీసుకున్నారో కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో కనిపిస్తుంది.