రమణ మహర్షి చెప్పిన ‘నేనెవరు’ విచారణ సంసారులకు కుదురుతుందా?

కుదురుతుంది. అయితే “రోజుకు ఎన్నిసార్లు నేనెవరు అనుకోవాలి?” అని కూడా అడిగారు చూడండి, నేను నాలుగేళ్లు చేసిన పొరపాటు అదే.

మాది ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడి. చింతపండు, పసుపు అమ్మే కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బరంపురం వెళ్తే తెలుగువాళ్లంటారు, పాతపట్నం దాటితే ఒడిశావాళ్లంటారు. అందుకే మహర్షి చిన్న పుస్తకం ‘నేనెవరు’ పేరు మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మా ఊళ్లో ప్రతివాడికీ తప్పని ప్రశ్న కదా!

కొట్టు తెరిచే ముందు కూర్చుని ‘నేనెవరు, నేనెవరు’ అని లెక్కపెట్టుకునేవాడిని. చివర్లో ‘నేను ఆత్మను’ అని జవాబు కూడా నేనే చెప్పేసుకునేవాడిని. పది గంటలకు మొదటి బేరం చెడితే అంతా గాలికి పోయేది.

తర్వాత పుస్తకం నిదానంగా చదివాను. మహర్షి మౌనంగా ఉన్న రోజుల్లో, 1902 ప్రాంతంలో, శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు రాసి చూపిన జవాబులవి. అడిగినాయన సన్యాసి కాదు, రెవెన్యూ ఉద్యోగి. తలపు లేచినప్పుడు ‘ఇది ఎవరికి?’ అని చూడమన్నారు. ‘నాకు’ అని తోస్తుంది. ఆ నేను ఎవరో వెతకమన్నారు. జవాబు చెప్పమనలేదు.

ఇది బుర్రకెక్కింది మాత్రం ఒక వ్యాపారి నా బాకీ ఎగ్గొట్టిన రోజున. “నాకు ఒళ్లు మండిపోతోంది” అని మా ఆవిడతో అన్నాను. అని, ఆ ‘నాకు’ దగ్గర ఆగిపోయాను. తెలుగులో కోపం మనం చేసేది కాదు, మనకు వచ్చేది. ఒడియాలోనూ అంతే, ఆకలేస్తే ‘మోతే భోక లాగుచి’ అంటారు. మన వ్యాకరణం సగం పని ముందే చేసి పెట్టింది. ఆ వచ్చినదాన్ని వదిలి, ఎవరికి వచ్చిందో అటు తిరగడమే మిగిలింది. కోపం మాయమైపోలేదు. ఫోను చేసి గట్టిగానే అడిగాను, సగం వసూలైంది. గొంతు మాత్రం లేవలేదు.

ఆ పుస్తకంలో ఒక పోలిక ఉంది: ‘నేనెవరు’ అనే తలపు మిగతా తలపులన్నింటినీ కాల్చి, చితిని ఎగదోసే కర్రలా చివరకు తానూ కాలిపోతుందని. మహేంద్రతనయ నది ఒడ్డున మా అమ్మ చితి దగ్గర కాటికాపరి పని అయ్యాక ఆ కర్రనూ మంటలోకి విసిరేయడం చూశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మీరు ఇప్పటికే జపం చేస్తుంటే దాన్ని మానక్కర్లేదు. మన బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఎన్నో ఏళ్లు మంత్రజపం చేసి, తపస్సు అంటే ఏమిటో తెలియలేదని 1907లో మహర్షి దగ్గరకు వెళ్లారు. ‘నేను’ ఎక్కడినుంచి పుడుతోందో చూడు, మంత్రం జపిస్తే ఆ నాదం ఎక్కడినుంచి పుడుతోందో చూడు, అదే తపస్సు అన్నారు మహర్షి. భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది కూడా ఈ మునే. మా వైపు పెద్దలకు అదొక గర్వం.

మహర్షి ఉన్న తిరువణ్ణామలై తప్పక వెళ్లాలా అన్నారు. నేను ఒక్కసారే వెళ్లాను, మూడు రోజులున్నాను. అక్కడి అరుణాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణం పద్నాలుగు కిలోమీటర్లు. ఆ రాత్రి కాళ్ల నొప్పులు ఎవరికని విచారిస్తే జవాబు తడుముకోకుండా వచ్చింది, నాకేనని.