డబ్బు లేకపోయినా వైద్యం హక్కుగా అడగొచ్చా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పాలంటే: మనలాంటి దేశంలో వైద్యం హక్కు అనేది కాగితం మీదేనా, నాన్నగారి డయాలసిస్ కోసం కోర్టుకెళ్తే పనవుతుందా అని. నేను చెన్నైలో ఉంటాను. నా మాట ఏంటంటే ఎమర్జెన్సీ వేరు, ఏళ్ల తరబడి సాగే వైద్యం వేరు.

ఎమర్జెన్సీలో హక్కు గట్టిదే. ప్రాణం మీదికొచ్చిన మనిషికి సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాల్సిందేనని 1989లోనే పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో, రైల్లోంచి పడిన ఒక బెంగాల్ కూలీని సర్కారు ఆస్పత్రులు వరసగా తిప్పి పంపితే, 25 వేలు పరిహారం ఇప్పించి, నిధుల్లేవని తప్పించుకోవడానికి వీల్లేదంది.

మా బాబాయి నెల్లూరు నుంచి వచ్చినప్పుడు రెడ్‌హిల్స్ దగ్గర లారీ తగిలి బైక్ మీంచి పడ్డాడు. దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రిలో స్ట్రెచర్ గుమ్మంలోనే ఆగిపోయింది, ప్యాంటు మోకాలి దాకా రక్తం, కౌంటర్లో అమ్మాయేమో అడ్వాన్స్ కట్టి రసీదు తెమ్మంటోంది, పిన్ని మెడలో గొలుసు తీసేస్తోంది. "చేర్చుకోం అని రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను, అరవలేదు. డ్యూటీ డాక్టర్ వచ్చాడు, రక్తం ఆపి సెలైన్ పెట్టాకే 108లో జనరల్ ఆస్పత్రికి పంపారు. తమిళనాడులో 2021 డిసెంబర్ నుంచి రోడ్డు ప్రమాదాలకి మొదటి 48 గంటల వైద్యం ఉచితం, పథకంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రుల్లో కూడా, మనది ఏ రాష్ట్రమైనా సరే. ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలీదు, బాధేస్తుంది.

డయాలసిస్ దగ్గరే చిక్కు. దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఎమర్జెన్సీ వైద్యం కాదనకూడదని స్పష్టంగా ఉంది. అయినా 1997లో డర్బన్‌లో ఒక కిడ్నీ పేషెంటు డయాలసిస్ అడిగితే, ఇది ఎమర్జెన్సీ కాదు, ఉన్న మిషన్లు చాలవు అని అక్కడి రాజ్యాంగ కోర్టు కాదంది. అదే కోర్టు 2002లో, తల్లి నుంచి బిడ్డకి హెచ్‌ఐవీ సోకకుండా ఆపే నెవిరాపిన్ మందుని సర్కారు ఆస్పత్రులన్నిటిలో ఇవ్వాల్సిందేనని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ మందుని కంపెనీయే ఉచితంగా ఇస్తానంది మరి, ఖర్చు సాకు నిలవలేదు.

అందుకే మీరు ముందు కోర్టు దాకా వెళ్లకండి. పేదలకి జిల్లా ఆస్పత్రుల్లో ఉచిత డయాలసిస్ కోసం 2016లో కేంద్రం పథకం పెట్టింది. రేషన్ కార్డు, నాన్నగారి రిపోర్టులు పట్టుకెళ్లి అడగండి. కుదరదంటే కారణం రాసిమ్మనండి, లాయర్ మొదట అడిగేది ఆ కాగితమే.